జూజూ రికార్డుల పెట్టె: పని ఎంతదాకా వచ్చిందంటే

పెట్టె నైజీరియాలోని లాగోస్ నగరానిది. ఒక యొరుబా కుటుంబం రెండు తరాలుగా కొని దాచుకున్న జూజూ ఎల్పీలు (నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పెద్ద రికార్డులు), కొన్ని చిన్న 45లు, అడుగున పాత లక్క రికార్డులు (78 చుట్లవి), పక్కన సంచీ నిండా క్యాసెట్లు. పని రెండు ముక్కలు. ఒకటి, అన్నిటినీ డిజిటల్ చెయ్యడం. రెండోది, అసలు పని: ఏ రికార్డులో ఏ నిమిషం దగ్గర ఇంటి పెద్దల పేర్లు వినిపిస్తున్నాయో చిట్టా రాయడం.

జూజూ తెలియనివాళ్ళకి ఒక మాట. అది నైజీరియాలో యొరుబావాళ్ళ గిటార్లు, డోళ్ళ సంగీతం. పెళ్ళి, బారసాల, పెద్దవాళ్ళు పోయినప్పుడు చేసే విందు, ఇలాంటి వేడుకల్ని అక్కడ ఓవాంబే అంటారు. బ్యాండు తెల్లవార్లూ వాయిస్తుంది. పాడే నాయకుడు వచ్చినవాళ్ళ పేరు, ఊరు, వంశం పాటలో అల్లేస్తాడు. పేరు వచ్చినవాళ్ళు డబ్బు తీసి అతని నుదుటి మీద అంటిస్తారు. మన పిచ్చుకుంట్లవాళ్ళు గోత్రాలు చెప్పినట్టే, కాకపోతే ఎలక్ట్రిక్ గిటార్లతో. ఆ పద్ధతే రికార్డుల్లోకీ వచ్చింది. అందుకే ఆ ఇంట్లోవాళ్ళు ఎల్పీని పాటల కోసం ఎంత వింటారో తాతగారి పేరు కోసమూ అంతే వింటారు. శుభ్రం చేసే పేరుతో ఆ పేరు పోగొడితే చేసిందంతా దండగ. కింద రాసిన జాగ్రత్తలన్నీ దాని చుట్టూ తిరిగేవే.

వరసపెట్టడం

కవరు మీద ఏడాది ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు, చాలావాటికి ఉండదు. లేబుల్ మీది నంబరే దారి. డెక్కా సంస్థ పశ్చిమాఫ్రికా ఎల్పీలకి డబ్ల్యు.ఏ.పి.ఎస్. అని మొదలవుతుంది, జూజూ గాయకుడు ఎబెనెజర్ ఓబే రికార్డులు ఎక్కువగా అందులోనే. ఇంకో జూజూ గాయకుడు కింగ్ సన్నీ అడే మొదట్లో ఆఫ్రికన్ సాంగ్స్ అనే రికార్డు సంస్థకి పాడి, 1974లో వాళ్ళతో తెగతెంపులై సొంత సంస్థ పెట్టుకున్నాడు; ఆ రికార్డులు ఎస్.ఏ.ఎల్.పి.ఎస్. వరుస. లేబుల్ చిరిగిపోతే, పాట అయిపోయాక లోపల మిగిలే నున్నటి పట్టీలో చెక్కిన నంబరు చూడాలి. టార్చిని పక్కవాటుగా పట్టుకుంటేనే కనిపిస్తుంది. ఇంకో ఆనవాలు ధర. కవరు వెనక కొట్టువాడు షిల్లింగుల్లో రాసి ఉంటే అది 1973కి ముందు కొన్నదే, ఎందుకంటే ఆ ఏడాది జనవరి 1 నుంచి నైజీరియాలో నైరా వచ్చింది.

లక్క రికార్డులు ఇంకా పాతవి. జూజూ రికార్డుల చరిత్ర 1936లో టుండే కింగ్ పార్లోఫోన్ సంస్థకి పాడినప్పటి నుంచి చెబుతారు. అప్పట్లో బాంజో, షెకెరె, టాంబురీన్, అంతే. 1949 ప్రాంతంలో అయిండే బకారే గిటారుకి యాంప్లిఫైయర్ తగిలించాక, మాట స్వరాన్ని అనుకరించే ‘మాట్లాడే డోలు’ వంటి గట్టిగా మోగే డోళ్ళకి చోటు పెరిగింది. అంతకుముందు డోలు మోగితే గిటారు వినపడేది కాదు. ఐ.కె. డైరో అకార్డియన్ తెచ్చాడు, 1963లో బ్రిటిష్ ప్రభుత్వపు ఎం.బి.ఇ. బిరుదు అందుకున్నాడు. 1967–70 అంతర్యుద్ధంలో హైలైఫ్ అనే నృత్యసంగీతం వాయించే, తూర్పు ప్రాంతపు ఇగ్బో వాద్యకారులు చాలామంది లాగోస్ వదిలి వెళ్ళాక విందులన్నీ జూజూవాళ్ళవే అయ్యాయి. ఈ పెట్టె బరువంతా ఆ తర్వాతి దశాబ్దందే.

కడగడం

హర్మటాన్ గాలి డిసెంబరు, జనవరిల్లో సహారా నుంచి మెత్తటి దుమ్ము తెస్తుంది. మిగతా ఏడాదంతా లాగోస్‌లో తేమ. దుమ్ము మీద తేమ, తేమ మీద బూజు. ముందు ఆరుబయట, ముక్కుకి గుడ్డ కట్టుకుని, పొడి బ్రష్‌తో బూజు దులపాలి. తడి చేశాక దులిపితే అది గాడిలోకి దిగుతుంది.

వినైల్‌కి వాడిన ద్రావణం: డిస్టిల్డ్ వాటర్ 800 మి.లీ., ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 200 మి.లీ., వాసన లేని గిన్నెల సబ్బు ద్రవం మూడు నాలుగు చుక్కలు. లేబుల్ సుమారు 10 సెం.మీ. వ్యాసం, దాన్ని రబ్బరు వాషర్ వేసిన ప్లాస్టిక్ మూతతో కప్పాలి, లేకపోతే రంగు కారుతుంది. గాడి వెంబడే గుండ్రంగా మెత్తటి బ్రష్‌తో రుద్ది, రెండు మూడు నిమిషాలు నానబెట్టి, వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడగాలి. రెండో కడుగుడు బద్ధకించారా, సబ్బు ఎండి పిన్ను చుట్టూ తెల్లటి పిండిలా పేరుకుంటుంది. కుళాయి నీళ్ళు, బావి నీళ్ళు వద్దు. ఉప్పు మిగిలి చిటపటలు పెరుగుతాయి.

లక్క రికార్డుకి ఆల్కహాల్ చుక్క కూడా తగలకూడదు. లక్క అందులో కరిగిపోతుంది. నీళ్ళు, సబ్బు చుక్క, వెంటనే గుడ్డతో అద్దడం. నానబెట్టకూడదు.

వంకరపోయినవాటిని 35 సెం.మీ. చదరం ఉన్న రెండు గాజు పలకల మధ్య పెట్టి, 50–55 డిగ్రీల దగ్గర ఒకటి రెండు గంటలు ఉంచి, ఓవెన్‌లోనే పూర్తిగా చల్లారనివ్వాలి. ఓవెన్ మీది అంకెని నమ్మొద్దు, లోపల వేరే థర్మామీటర్ పెట్టండి. 60 దాటితే గాడి రూపే మారిపోతుంది, ఇక ఎవరూ బాగుచెయ్యలేరు. కడగకుండా పలకల మధ్య పెడితే దుమ్ము గాడిలో అచ్చుపడుతుంది. అంచు వంకరలు దీంతో చాలావరకు దిగుతాయి. గిన్నెలా లోతు పడినవి అంత తేలిగ్గా దిగవు.

పిన్ను, వేగం, రికార్డింగ్

ఎల్పీలకి ఆడియో టెక్నికా వీఎం 95 రకం కార్ట్‌రిడ్జ్ (పిన్ను ఉండే భాగం), 2 గ్రాముల బరువు. లక్క రికార్డులకి అదే కుటుంబంలోని 78 ఆర్‌పీఎం పిన్ను, 5 గ్రాములు. ఆ గాడి వెడల్పు, దానికి 3 మిల్ (అంగుళంలో వెయ్యో వంతులు మూడు) పిన్ను కావాలి. ఎల్పీ పిన్ను వేస్తే గాడి అడుగున దొర్లుతూ చెత్తనంతా వినిపిస్తుంది. మోనో రికార్డుల్ని స్టీరియోలోనే ఎక్కించి, తర్వాత రెండు చానెళ్ళు కలిపితే పిన్ను పైకీ కిందికీ ఊగే రొద చాలావరకు రద్దయిపోతుంది. ఒకవైపు గాడి బాగా అరిగి ఉంటే కలపకుండా మంచి చానెల్‌ని మాత్రమే ఉంచాలి.

వేగం చూడటానికి స్ట్రోబ్ చక్రం: వేగం సరిగ్గా ఉంటే కరెంటు దీపం వెలుగులో దాని గీతలు నిలిచిపోయినట్టు కనిపిస్తాయి. 50 హెర్ట్జ్ కరెంటుకి 33⅓ దగ్గర 180 గీతలది కావాలి, 60 హెర్ట్జ్ దేశాల్లో 216ది. తప్పు చక్రం పెట్టి సరిచేస్తే పాట ఆరో వంతు తేడాతో నడుస్తుంది. గుర్ అనే రొద వస్తే ముందు టర్న్‌టేబుల్ ఎర్త్ వైరు ప్రీయాంప్‌కి తగిలించారో లేదో చూడాలి.

రంధ్రం మధ్యలో లేని రికార్డు ఉంటే గాత్రంలో తెలియదు, స్టీల్ గిటారులో దొరికిపోతుంది. సన్నీ అడే బ్యాండులో డెమోలా అడెపోజు సాగదీసే స్వరాలు ప్రతి 1.8 సెకన్లకోసారి ఊగుతుంటే రంధ్రమే కారణం. 33⅓కి ఒక చుట్టు అంతే సమయం. ఈ 1.8ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో ఎక్కించాం. నిమిషానికి సుమారు 34.5 ఎంబీ, అంటే 20 నిమిషాల వైపుకి 690 ఎంబీ. లెవెల్ గాత్రాన్ని చూసి పెడితే తప్పుతారు. జూజూలో అన్నిటికన్నా ఎగిసేది గాంగన్, అంటే చిన్న మాట్లాడే డోలు. అది ఒంటరిగా దరువేసే చోటు వెతికి, శిఖరం మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టాలి.

నైజీరియా ముద్రణల్లో ఒక వైపంతా చాలాసార్లు ఒకే ప్రవాహం. లేబుల్ మీద నాలుగు పేర్లున్నా మధ్యలో నిశ్శబ్దం ఉండదు. ముక్కలు చెయ్యొద్దు, ఒకే ఫైలుగా ఉంచి, లోపల గుర్తులు పెట్టండి. 1982లో ఐలాండ్ సంస్థ బయటి దేశాల కోసం తెచ్చిన ‘జూజూ మ్యూజిక్’ ట్రాకులు విడివిడిగా ఉంటాయి, దాన్ని చూసి తక్కినవీ అలాగే అనుకోవడం పొరపాటు.

గాడి దూకడం

ఈ సంగీతానికే ప్రత్యేకమైన చిక్కు ఇది. లయ ఒకే వరసలో తిరుగుతుంటుంది కాబట్టి పిన్ను ఒక గాడి దూకినా చెవికి తెలియదు, డోలు దరువు చక్కగా అతుక్కుపోతుంది. పోయేది 1.8 సెకన్లు. ఒక పేరు పోవడానికి అది చాలు. అందుకని ప్రతి వైపునీ రెండుసార్లు ఎక్కించి, మొదటి స్వరం నుంచి చివరి స్వరం దాకా నిడివి పోల్చాలి. తేడా 1.8, 3.6, 5.4 ఇలా వస్తే ఒకదాంట్లో దూకుడు ఉంది. రెండు తరంగాల్నీ ఒకదాని కింద ఒకటి పెట్టి జరుపుకుంటూ పోతే చోటు దొరుకుతుంది. దూకని కాపీ నుంచి ఆ ముక్క తెచ్చి, డోలు దెబ్బ మొదలయ్యే చోట అతకాలి. రెండు కాపీలూ ఒకే చోట దూకితే నిడివి కలుస్తుంది, మోసపోతారు. పైకి గీత కనిపించే రికార్డుల్ని మూడోసారి పిన్ను బరువు 2.2కి పెంచి వాయించడం అందుకే.

చిటపటల సంగతి

ఆడాసిటీ లాంటి ఆడియో సాఫ్ట్‌వేర్లలో చిటపటలు తీసే మీట ఉంటుంది. జూజూ మీద దాన్ని గుడ్డిగా నొక్కితే షెకెరె పోతుంది. షెకెరె అంటే సొరకాయ బుర్ర చుట్టూ పూసల వల. ఆ పూసల చప్పుడు సాఫ్ట్‌వేర్‌కి దుమ్ము చప్పుడులాగే కనిపిస్తుంది. గాంగన్ మీద వంపు కర్ర పడే మొదటి దెబ్బా అంతే. పరీక్ష సులువు: శుభ్రం చేసినదాన్ని తిరగేసి అసలు ఫైలుతో కలిపితే, తీసేసింది మాత్రమే మిగులుతుంది. అందులో లయ వినిపిస్తే మీరు తీసింది దుమ్ము కాదు, వాద్యాన్ని. ఇప్పుడు పెద్ద టక్కులు మాత్రం చేత్తో ఒక్కొక్కటే తీస్తున్నాం. నెమ్మది పనే, వేరే దారి లేదు. 20 హెర్ట్జ్ కింద కోత పెట్టడం తప్ప ఈక్వలైజర్ ముట్టుకోలేదు. పైస్థాయి కాస్త తగ్గిస్తే రొద తగ్గుతుంది నిజమే, గిటార్ల మెరుపూ దాంతోనే పోతుంది.

పేర్ల చిట్టా

స్ప్రెడ్‌షీట్‌లో వరుసలు: రికార్డు నంబరు, వైపు, నిమిషం–సెకను, గాత్రమా డోలా, వినిపించిన పేరు, ఊరు, ఇంట్లో ఏమవుతారు, గుర్తుపట్టిందెవరు, ఖాయమా అనుమానమా. "గాత్రమా డోలా" అన్న గడి తప్పనిసరి. యొరుబాలో మాటకి పై, మధ్య, కింది అని మూడు స్థాయిలు. డోలు తాళ్ళు నొక్కి ఆ స్థాయిలే పలికిస్తుంది. హల్లులు పలకదు కాబట్టి ఒకే దరువు చాలా మాటలకి సరిపోతుంది. వాడుకలో స్థిరపడిన బిరుదు పదాలూ సామెతలూ తెలిసినవాళ్ళే అది ఎవరి పేరో చెప్పగలరు. అబెవొకుటావాళ్ళు ఒకటనుకున్నది ఇజెబువాళ్ళు ఇంకొకటి అనవచ్చు. రెండూ రాసుకోవాలి, తీర్పు చెప్పకూడదు.

పెద్దవాళ్ళకి మొత్తం ఎల్పీ పంపి "ఎక్కడైనా పేరు వినిపిస్తే చెప్పండి" అంటే పని జరగదు, పాటలో పడిపోతారు. పేరు ముందు పదిహేను సెకన్లు, తర్వాత పది సెకన్లు కలిపి చిన్న ముక్క పంపాలి. ముందు భాగంలోనే "ఫలానావారి బిడ్డ" అని వంశం వస్తుంది, అది లేకుండా పేరొక్కటే వింటే పోల్చుకోలేరు. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపాలి. వాయిస్ మెసేజ్‌గా మళ్ళీ రికార్డు చేసి పంపితే ధ్వని నలిగిపోయి డోలు మాటలు కలిసిపోతాయి. యొరుబా అక్షరాల కింద చుక్కలు చిట్టాలో సరిగా పెట్టండి, ఫైలు పేర్లలో మాత్రం వద్దు. ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి వెళ్ళేసరికి ఒకే పేరు రెండు ఫైళ్ళయి కూర్చుంటుంది.

క్యాసెట్లు, మిగిలిన పని

ఎల్పీ పోతే ఎక్కడో ఇంకో కాపీ ఉంటుంది. ఇంట్లో విందు రాత్రి ఎవరో టేప్ రికార్డర్‌తో పట్టిన క్యాసెట్‌కి రెండో కాపీ ఉండదు. వాటినే ముందు తీయాల్సింది. వాయించేముందు టేపుకి వెనకున్న ఫెల్టు ముక్క చూడండి. జిగురు ఎండి రాలిపోయి ఉంటే ధ్వని మసకగా వస్తుంది. మరలున్న ఖాళీ క్యాసెట్ కొని టేపు చుట్టలు అందులోకి మార్చడమే మందు. ఒకసారి చివరిదాకా చుట్టి వెనక్కి తిప్పితే అంటుకున్న పొరలు విడతాయి. టేపుని చదివే హెడ్ వంపు సరిచేయడానికి మోనోలో పెట్టి, చిన్న స్క్రూడ్రైవర్‌తో అటూ ఇటూ తిప్పుతూ షెకెరె ఎక్కడ స్పష్టంగా గలగలమంటే అక్కడ ఆపాలి. ప్రతి క్యాసెట్‌కీ మళ్ళీ చూడాలి, ఎందుకంటే రికార్డు చేసిన యంత్రాలు వేరు. సీ 120లు (120 నిమిషాల క్యాసెట్లు) సన్నటి టేపు, వేగంగా చుట్టవద్దు.

ఓబే, అడేల ఎల్పీలు దాదాపు అయ్యాయి. 45లు మధ్యలో ఉన్నాయి. లక్క రికార్డుల్లో ఒకటి అంచు నుంచి పగిలింది, అంటించకుండా వాయించవచ్చా అన్నది తేలాలి. అసలు ఫైళ్ళు ఫ్లాక్‌లో (నాణ్యత తగ్గించని ఫైలు రకం) రెండు డిస్కుల మీద వెళ్తాయి, ఒకటి లాగోస్‌లో, రెండోది వేరే ఊళ్ళో బంధువుల దగ్గర. కార్లలో వినేందుకు 320 కిలోబిట్ ఎంపీ3లు విడిగా పెడుతున్నాం, చాలా కారు స్టీరియోలు 96 కిలోహెర్ట్జ్ ఫ్లాక్‌ని చదవవు.