తాత అట్లాస్ సైకిల్ పని: బ్రేకు రబ్బర్ల వారం

తాత పాత అట్లాస్ సైకిల్‌ను బాగుచేస్తున్నాను. చైను, బాల్సు, సీటు పని అయిపోయింది. ఈ వారం బ్రేకుల వంతు. ఎంత గట్టిగా నొక్కినా బండి తనకిష్టమైనప్పుడే ఆగుతోంది. విప్పి చూస్తే రబ్బర్లు సగం కూడా అరగలేదు, కానీ రాయిలా అయ్యాయి. గోరు దిగడం లేదు.

శనివారం ప్రకాశం బజార్‌లో అడిగితే పిల్లల సైకిళ్ల రబ్బర్లు చేతిలో పెట్టారు. అవి కేబుల్ బ్రేకువి, రిమ్మును రెండు పక్కల నుంచి పట్టుకుంటాయి. మనది రాడ్ బ్రేకు. రాడ్డు లాగితే కమాను, అంటే రెండు రబ్బర్లనూ పట్టుకునే వంపు కడ్డీ, లేచి, రిమ్ము లోపలి వైపు, అంటే చువ్వలు దిగే వైపు, రబ్బరు ఆనుతుంది. చూడటానికి రెండూ ఒకటే, పనికి మాత్రం కాదు. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడే, అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ ఆగిపోయింది కదా, ఇక సామాను దొరకదేమోనని టెన్షన్ పడ్డాను. అనవసరంగా. 28 అంగుళాల రాడ్ బ్రేకు రబ్బర్లు కంపెనీ ఏదైనా దాదాపు ఒకటే.

గడియారం సెంటర్ దగ్గర పాత మెకానిక్ చాచా రెండు రకాలు చూపించాడు. ఒకటి గట్టిది, ఒకటి మెత్తది. "మెత్తది జల్ది అరుగుతది తమ్మీ, గని పట్టుకుంటది" అన్నాడు. మెత్తవే నాలుగు తీసుకున్నాను.

ఆదివారం రిమ్ముల జిడ్డు గాసునూనెతో తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడిచి బిగించాను. పానగల్ రోడ్డెక్కి వెనక బ్రేకు నొక్కానో లేదో, ఎడమ రబ్బరు జారి రోడ్డు మీద పడింది! తప్పు నాదే. రబ్బరు కూర్చునే రేకు డబ్బీకి ఒక కొస మూసి, ఇంకో కొస తెరిచి ఉంటుంది. చక్రం ఎటు తిరిగితే మూసిన కొస అటు ఉండాలి. ముందు చక్రానికి కమాను పైన ఉంటుంది కాబట్టి ముందుకు. వెనకది పెడల్ ఇరుసు వెనకాల ఉంటుంది, అక్కడ రిమ్ము కిందికి దిగుతుంది కాబట్టి కిందికి. ఎడమది నేను తలకిందులుగా పెట్టాను. ఇంటిదాకా నడిపించుకుంటూ వచ్చాను, ఎండలో.

తిప్పి బిగించి, రిమ్ముకూ రబ్బరుకూ రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదిలాను. మా గల్లీలో అదే వేగంతో వచ్చి నొక్కితే పాతవాటితో పద్నాలుగు అడుగులు పోయేది, ఇప్పుడు ఆరు. మగ్గుతో రిమ్ము మీద నీళ్లు పోసి చూస్తే పదకొండు. ఇనుప రిమ్ము, మెరుగు పూత, తడిస్తే ఇంతే. వానలో ముందే మెల్లగా నొక్కి నీళ్లు తుడిపించుకోవాలి.

ఒకటి మిగిలింది. చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకే చోట బ్రేకు చేతికి తన్నుతోంది. రిమ్ము పక్కకు వంగితే ఈ బ్రేకుకు పెద్దగా పట్టదు, ఇది రిమ్ము పైకీ కిందికీ లేవడం. వచ్చే వారం చువ్వలు.