తెల్లగోడ ముందు రాళ్లు

చైనాలో కొత్త నివాస సముదాయాల ఆవరణలను చూసేటప్పుడు నా చూపు ముందుగా గోడల మీదికే పోతుంది. 1997లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన సుజౌ నగరపు పాతకాలపు తోటల్లో గోడ అడ్డుగా నిలవడమే కాక, జాలీ కిటికీల గుండా అవతలి వెదురును, నీటి మెరుపును కొద్దికొద్దిగా చూపిస్తూ మనిషిని ముందుకు నడిపిస్తుంది. షెన్‌జెన్‌లో వాంకె సంస్థ కట్టిన ‘ఐదవ తోట’ ఇళ్లలో తెల్లగోడలు, వెదురు, లోపలి ముంగిళ్లు ఈ పద్ధతినే అనుసరించాయి.

బయటి దృశ్యాన్ని తోటలోకి అరువు తెచ్చుకోవడం మాత్రం అంత సులువు కాదు. సుజౌలోని జువోజెంగ్ తోటలో చెరువు మీదుగా చూస్తే దూరాన ఉన్న బెయ్‌సి గోపురం ఆ తోటదే అనిపిస్తుంది. ఇరవై అంతస్తుల భవనాల నడుమ అరువుకు దొరికేది ఎదుటివారి బాల్కనీలో ఆరేసిన బట్టలే. పైగా, నేలమీద నడిచేవారి కంటికోసం పుట్టిన ఈ కళను ఇప్పుడు పై అంతస్తుల నుంచి కూడా చూస్తారు.

పాత తోటల్లో నిలిపే తైహు రాళ్లను, అంటే తైహు సరస్సు నీటికి కోసుకుపోయి చిల్లులు పడిన రాళ్లను, అనుకరిస్తూ గేటు దగ్గర సిమెంటుతో పోతపోసిన రాళ్లు నాకు బొత్తిగా నచ్చవు. వాస్తుశిల్పి ఐ.ఎం. పెయ్ రూపొందించగా 2006లో తెరుచుకున్న సుజౌ మ్యూజియంలో, పలకలుగా కోసిన రాళ్లను తెల్లగోడ ముందు నిలిపి సిరా చిత్రంలోని కొండల వరుసను తలపించారు. ఇళ్ల ఆవరణలకు ఆ పొదుపే నప్పుతుంది.