ప్రపంచ జూనియర్ చెస్ రికార్డులు: పట్టిక ఎంతవరకు వచ్చింది

మనం తయారుచేస్తున్న విజేతల పట్టికలో ఇప్పుడు 62 వరసలున్నాయి. మొదటిది 1951, బర్మింగ్‌హామ్, బోరిస్లావ్ ఇవ్‌కోవ్. ఆఖరిది 2025, పెట్రోవాట్స్, మన వి. ప్రణవ్. ఒక్క వరస కూడా జారిపోలేదని తేల్చుకోవడం తేలిక. 1951 నుంచి 1973 దాకా ఏడాది విడిచి ఏడాది జరిగాయి కాబట్టి 12. 1974 నుంచి 2019 దాకా ఏటా జరిగాయి, అవి 46. కోవిడ్ వల్ల 2020, 2021 లేవు. 2022 నుంచి 4. అన్నీ కలిపితే 62. ఎక్కడైనా "1972 ప్రపంచ జూనియర్ విజేత" అని కనిపిస్తే అది వేరే పోటీ అయినా అయ్యుండాలి, అచ్చుతప్పయినా అయ్యుండాలి.

వేరే పోటీలతో కలిసిపోవడమే ఎక్కువ. జూనియర్ అంటే ఆ ఏడాది జనవరి 1 నాటికి 20 నిండనివాళ్లు. కేడెట్ (ఇంకా చిన్నవాళ్ల విభాగం), అండర్-18, అండర్-14 అన్నీ వేరు. కోనేరు హంపి 1997లో అండర్-10, 1998లో అండర్-12, 2000లో అండర్-14 బాలికల టైటిళ్లు గెలిచింది. జూనియర్ టైటిల్ మాత్రం ఒక్కటే, 2001 ఏథెన్స్. పాత వార్తల్లో ఈ నాలుగింటికీ ఒకే మాట వాడేయడం మామూలే. అందుకే పత్రికలో "జూనియర్" అని ఉన్నంత మాత్రాన వరస ఎక్కించకూడదు, వయసు పరిమితి ఎంతో చూసి ఎక్కించాలి.

బాలికలకు వేరే షీటు పెట్టాం. వాళ్ల పోటీ 1982లో మొదలైంది. ఆ ఏడాది బాలురది కోపెన్‌హేగన్‌లో, బాలికలది యుగోస్లావియాలోని సెంటాలో. రెండూ ఒకే వరసలో పెట్టి, ఊరికి ఒకే గడి ఉంచితే సెంటాలో గెలిచిన అగ్నీష్కా బ్రుస్ట్‌మన్ కోపెన్‌హేగన్ చేరిపోతుంది.

ఫైళ్ల పేర్లు

ఏడాది ముందు, ఊరు తర్వాత. ఊరి పేరు ఒక్కటే పెడితే ఏథెన్స్ మూడు సార్లు (1971, 2001, 2012), యెరెవాన్ నాలుగు సార్లు (1999, 2000, 2006, 2007) వచ్చి ఒకదాని మీద ఒకటి పడతాయి. ఊరికి రెండు గడులు: అప్పట్లో అచ్చయిన పేరు ఒకదాంట్లో, ఇప్పటి పేరు ఇంకోదాంట్లో. 1993, 1998 పోటీలు కాలికట్ అని వెతికితే ఒకచోట, కోళికోడ్ అని వెతికితే ఇంకోచోట దొరుకుతాయి. దేశానికీ అంతే. 1975 ట్యెంటిష్టె పక్కన యుగోస్లావియా అనే ఉండాలి. బోస్నియా అని రాస్తే ఆనాటి పట్టికలతో పోల్చుకోవడం కుదరదు.

మన ముగ్గురి పేర్లు

ఎక్కువ సమయం తిన్నది ఇదే. ముగ్గురు తెలుగువాళ్లు ఈ టైటిల్ గెలిచారు: హంపి 2001 ఏథెన్స్‌లో, పెంటేల హరికృష్ణ 2004 కొచ్చిలో, ద్రోణవల్లి హారిక 2008 గాజియాన్‌టెప్‌లో. ముగ్గురికీ ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) జాబితా మాత్రం ముగ్గురినీ ఒకేలా రాయలేదు. "కోనేరు, హంపి" అని ఇంటిపేరు ముందు పెట్టి, "హరికృష్ణ, పెంటేల", "హారిక, ద్రోణవల్లి" అని మిగతా ఇద్దరికీ వెనక్కి నెట్టింది. కామాకు ముందున్నదే ఇంటిపేరని సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది. పాత పట్టికల్లో "హంపి, కె" అని కనిపిస్తే ఆమెను ఇద్దరు మనుషులు చేసేస్తుంది. పైగా ఇంగ్లిష్ స్పెల్లింగు కూడా మారింది. హెచ్ఏఎంపీఐ అని ఉన్నదాన్ని వాళ్ల నాన్న హెచ్‌యూఎంపీవై చేశారు. తెలుగులో హంపి హంపిగానే ఉంది కాబట్టి తెలుగు పత్రికలు చదివేవాళ్లకు ఈ తేడా తగలదు.

పరిష్కారం పేరులో లేదు, నంబరులో ఉంది. ప్రతి ఆటగాడి పక్కనా ఫిడే ఐడీకి ఒక గడి పెట్టి, వరసల్ని దాంతోనే కలపాలి. హంపిది 5008123, ఆనంద్‌ది 5000017. ఐడీ లేని పాతతరం వాళ్లకు మనమే వరస నంబరు ఇచ్చుకోవాలి. 1982 విజేత సొకొలోవ్ ఆండ్రే, ఇవాన్ కాదు. 1983లో గెలిచిన గియోర్గియెవ్ కిరిల్, క్రుమ్ కాదు. 1990 గురెవిచ్ ఇల్యా, మిఖాయిల్ కాదు. ఇంటిపేరు ఒక్కటే నమ్ముకుంటే ముగ్గురూ తప్పుతారు.

పాయింట్ల పట్టికలు

విజేత పేరు ఎక్కడైనా దొరుకుతుంది. పట్టిక మొత్తం కుదిరాకే ఆ ఏడాదిని "మూసింది"గా గుర్తు పెడుతున్నాం. అందరూ అందరితో ఆడే పోటీలో 12 మంది ఉంటే గేములు 66, మొత్తం పాయింట్లూ 66. కూడితే 65.5 వచ్చిందంటే ఎక్కడో ఒక డ్రా సగమే పడింది. దాన్ని పట్టుకోవడానికి అద్దం పరీక్ష చేయాలి: 4వ వరస 9వ గడి, 9వ వరస 4వ గడి కలిపితే సరిగ్గా 1 రావాలి. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మొత్తం 66 వచ్చే అవకాశమూ ఉంది. అందుకే మొత్తం కుదిరినా అద్దం పరీక్ష మానకూడదు.

ఎక్సెల్ చేసే పాడు పని ఒకటుంది. గడిలో 1/2 అని కొడితే తేదీ చేసేస్తుంది. 8-3 అన్నా అంతే. "+7 =3 -1" (ఏడు గెలుపులు, మూడు డ్రాలు, ఒక ఓటమి) అని రాస్తే ఫార్ములా అనుకుని లెక్కకట్టి "ఫాల్స్" అని చూపిస్తుంది. కొట్టడం మొదలెట్టకముందే గడులన్నీ టెక్స్ట్‌గా మార్చాలి. తర్వాత మారిస్తే తేదీ కాస్తా ఐదంకెల సంఖ్య అవుతుంది, అసలు ఏం కొట్టామో తిరిగి రాదు. డ్రాకు 0.5 వాడితే ఈ గొడవే లేదు.

పాత పోటీల్లో ముందు గ్రూపులు, ఆ తర్వాత ఫైనల్. 1955 ఆంట్‌వెర్ప్‌లో స్పాస్కీ 9కి 8, 1969 స్టాక్‌హోమ్‌లో కార్పోవ్ 11కి 10 అన్నవి ఫైనల్ లెక్కలు. గ్రూపు పాయింట్లు కలిపి రాసినవీ దొరుకుతాయి, కాబట్టి "దశ" అనే గడి తప్పనిసరి. 1957 టొరంటోలో లొంబార్డీ 11కి 11 కొట్టాడు, ఆ వరసను కూడి చూసుకోనక్కర్లేదు! సమానమైన పాయింట్లకు ఇంకో గడి: 1953లో పానో, డార్గా సమానం, టైటిల్ పానోది. 1988 అడిలైడ్‌లో లొతియే, ఇవాన్‌చుక్, గెల్ఫాండ్, సెర్పర్ నలుగురూ సమానం, టైబ్రేక్‌లో లొతియే. ఈ గడి లేకపోతే మిగతావాళ్లు ఓడిపోయినట్టు కనిపిస్తారు.

గేముల మార్పిడి

1994 సెప్టెంబరులో "ద వీక్ ఇన్ చెస్" అనే ఇంటర్నెట్ వారపత్రిక మొదలయ్యాక పీజీఎన్ ఫైళ్లు (కంప్యూటర్ చదవగలిగేలా ఎత్తులు రాసినవి) దొరకడం తేలికైంది. అంతకుముందువి కాగితం మీంచి ఎక్కించుకోవాలి.

ఇంగ్లిష్ పత్రికల్లో అప్పటి డిస్క్రిప్టివ్ రాతలో (ఎత్తులు రాసే పాత పద్ధతి) గడుల్ని ఎవరి వైపు నుంచి వాళ్లు లెక్కపెడతారు. తెల్లవాళ్ల పీ-కే4 అంటే ఇప్పటి రాతలో ఈ4, నల్లవాళ్ల పీ-కే4 అంటే ఈ5. ఇది మరిచిపోతే రెండు బంట్లు ఒకే గడిలోకి ఎక్కుతాయి, ఆ తప్పు మొదటి ఎత్తులోనే దొరుకుతుంది. దొరకనివి భాష తప్పులు. స్పానిష్‌లో ఆర్ అంటే రాజు, ఇంగ్లిష్‌లో ఏనుగు. 1992 బ్యూనస్ ఐరిస్, 1996 మెడెయిన్ కాగితాల్లో ఇది చూసుకోవాలి. రష్యన్‌లో గుర్రానికి వాడే అక్షరం అచ్చం ఇంగ్లిష్ కే లాగే ఉంటుంది. స్కాన్ చేసి ఓసీఆర్‌కి (బొమ్మలోని అచ్చును అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్) ఇస్తే గుర్రాలన్నీ రాజులైపోతాయి. ఓపెనింగ్‌లో రాజు ఎఫ్3కి రాలేడు కాబట్టి సాఫ్ట్‌వేర్ ఆగిపోయి చెబుతుంది. ఎండ్‌గేమ్‌లో ఆ గడికి రాజూ గుర్రమూ రెండూ పోగలిగితే గేము నోరెత్తకుండా తప్పుగా సాగిపోతుంది. 40వ ఎత్తు తర్వాత కే అక్షరం ప్రతిదీ చేత్తో చూడాల్సిందే.

తేదీ తెలియకపోతే 1951.??.?? అని వదిలేయాలి. జనవరి 1 అని నింపితే అది నిజం తేదీలా తిరుగుతూనే ఉంటుంది. ఏడాది చివర్లో జరిగే పోటీలకు పోటీ మొదలైన తేదీని వేరే ట్యాగులో పెట్టాలి. గ్రోనింగెన్‌లో కార్పోవ్ గెలిచిన యూరోపియన్ జూనియర్ 1967-68ది. రెండు ఏళ్లలోనూ వెతకందే దొరకదు. పత్రిక వార్తలో "నిన్న" అని ఉంటే పత్రిక తేదీ కాదు, వార్త పైనున్న ఊరు-తేదీ నుంచి లెక్కపెట్టాలి.

మిగిలిన పని

1961 ద హేగ్‌కు డచ్ పత్రికల స్కాన్‌లున్న డెల్ఫర్ వెబ్‌సైటు, 1988 అడిలైడ్‌కు కాన్‌బెర్రా టైమ్స్ 1995 దాకా ఉన్న ఆస్ట్రేలియా వెబ్‌సైటు ట్రోవ్ చూడాలి. రెండింటిలోనూ ఆటగాడి పేరు కన్నా రౌండ్ జరిగిన రోజుతో వెతికితేనే ఎక్కువ పడుతున్నాయి, ఓసీఆర్ పేర్లను చిత్తు చేసేసింది మరి. ఆ తర్వాత 1951 గేములు, డిస్క్రిప్టివ్ నుంచి మార్చాల్సినవి. తొలి పోటీల బి, సి ఫైనల్స్ (కింది స్థానాల కోసం ఆడినవి) పట్టికలు అన్నిటికన్నా ఆఖర్న.