ఢాకాలో ఒక కలర్ రోల్

నేను ఢాకా వెళ్లిందే ఫోటోలు చూడ్డానికి. 2013 జనవరి ఆఖర్లో అక్కడ ఛొబి మేళా. 2000లో మొదలైన ఈ ఫోటోల పండగలో బొమ్మల్ని గ్యాలరీల్లో తగిలించి ఊరుకోరు, రిక్షా బండ్లకెక్కించి వీధుల్లో తిప్పుతారు. ఆ సంగతి విన్నాక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. అదే నా మొదటి విదేశీ ప్రయాణం.

వీసా ఫారంలో వృత్తి దగ్గర 'ఫోటోగ్రాఫర్' అని రాయడం నేను చేసిన మొదటి పొరపాటు. పత్రిక తరఫునా, సొంతంగానా, ఏం తీస్తావు, ఎవరికి అమ్ముతావు? కోల్‌కతాలో రెండు రోజులు తిరిగాక, నేను ఏ పత్రికకూ పని చేయడం లేదని కాగితం రాసిస్తే పనయింది. (అప్పటికి అది నిజమే, బాధాకరంగా.)

ఆ రోజుల్లో కోల్‌కతా నుంచి ఢాకా వెళ్లే మైత్రీ ఎక్స్‌ప్రెస్ రైల్లో వెళ్తే సరిహద్దుకి ఇవతల గేదెలో ఒకసారి, అవతల దర్శనాలో ఒకసారి సామానంతా దించి తనిఖీకి నిలబడాలి. నా దగ్గర ఇరవై బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ రోల్స్ ఉన్నాయి. డబ్బాల్లోంచి తీసి ప్లాస్టిక్ కవర్లో వేసి, ఫిల్మ్ పాడవుతుందేమోనని ఎక్స్‌రే మిషన్‌లో పెట్టొద్దని బతిమాలాను. ఒకచోట విన్నారు, ఇంకోచోట వినలేదు. 400 స్పీడ్ ఫిల్మ్‌కి ఒకట్రెండు సార్లయితే ఏమీ కాదని చదివాను గానీ, కవరు బెల్టు మీద లోపలికి పోతుంటే ఒకటే టెన్షన్. ఆ గొడవలో పద్మా నది మీది 1915 నాటి హార్డింజ్ వంతెన ఎప్పుడు దాటామో కూడా చూడలేదు.

ఢాకాలో దిగగానే అందరిలాగే సదర్‌ఘాట్‌కి పరిగెత్తాను. బూడిగంగ నది, అంతస్తుల లాంచీలు, నెత్తిన మూటలు, పొద్దుటి పొగమంచు. అయిదు రోజుల్లో పద్నాలుగు రోల్స్ అవగొట్టాను. ఇంటికొచ్చి కడిగి చూస్తే అన్నీ ఎవరో ఒకరు అప్పటికే తీసేసిన ఫోటోలే.

మేళాలో ఒక వాలంటీర్ కుర్రాడు నాది ఏ భాషని అడిగి, "మా ఊళ్లోనూ మీవాళ్లున్నారు" అన్నాడు. నమ్మలేదు. జాత్రాబాడి దగ్గర ధల్‌పూర్‌లో తెలుగు కాలనీకి తీసుకెళ్లాడు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన వైపు నుంచి పారిశుధ్య పనికి వెళ్లిన వాళ్ల మనవలు, మునిమనవలు. ఇప్పటికీ చాలామందిది నగరం ఊడ్చే పనే. ఇంట్లో తెలుగు, గడప దాటితే బెంగాలీ.

ఒక ముసలమ్మ "ఏ ఊరు నాయనా?" అంది. ఖమ్మం అన్నాను. ఆ పేరు ఆవిడ ఎప్పుడూ వినలేదట. కెమెరా ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"రంగులొస్తాయా?"

రావన్నాను.

"అలాగైతే వద్దులే. నలుపూ తెలుపూ చచ్చిపోయినోళ్లకి," అని గోడ మీద దండ వేసిన ఫోటో చూపించింది.

మర్నాడు బజార్లో ఒకే ఒక్క కలర్ రోల్ కొన్నాను. ముప్పై ఆరు ఫోటోలు. ఎవరు, ఎక్కడ, ఎవరి పక్కన ఎవరు, అన్నీ ఆవిడే చెప్పింది. నా కళ్లు చీపుర్ల మీదా ఇరుకు సందు మీదా ఉన్నాయి. ఆవిడేమో ట్రంకుపెట్టెలోంచి ఆకుపచ్చ చీర తీసి కట్టుకుని, మడత గీతలు అరచేత్తో సాపు చేసి, కుర్చీ పట్టుకుని నిటారుగా నిలబడింది. నవ్వమన్నా నవ్వలేదు. మనవడికి తల దువ్వి దువ్వెన వాడి చొక్కా జేబులోనే పెట్టేసింది. ఫోటోలో దాని పళ్లు బయటికి కనిపిస్తాయి.

ఫిబ్రవరి 5న హర్తాళ్, అంటే బంద్. ఆ సాయంత్రం 1971 యుద్ధ నేరాల కేసులో వచ్చిన తీర్పు మీద నిరసనకి షాబాగ్ కూడలిలో జనం చేరుతున్నారని తెలిసి ఫోటోగ్రాఫర్లంతా అటు పోయారు. నేను మాత్రం మూసి ఉన్న స్టూడియో ముందు కూర్చున్నాను. ప్రింట్లు లోపలున్నాయి, నా రైలు దగ్గరపడుతోంది. గొప్పతనమేం లేదు, ముసలమ్మంటే భయం. షాబాగ్‌కి తర్వాత వెళ్లి నాలుగు రోల్స్ తీశాను, పేపర్లలో వచ్చినవాటి ముందు అవి నిలబడవు.

ప్రింట్లు పట్టుకెళ్తే ఆవిడ ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టి చూసింది. తనది పక్కన పెట్టేసింది.

"మెడ వంకరొచ్చింది. మళ్లీ తియ్యి."

రోల్ అయిపోయిందన్నాను.

"కొనుక్కురా మరి."