పిండినల్లి పట్టిన మందారం

మార్చి మొదటి ఆదివారం.

ఈ నెల మా మొక్కల సంఘం మీటింగు మాస్టారి మేడ మీద. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. ఉగాది దాటితే మా బరంపురంలో మేడ మీద కాలు మోపలేం. ఈ మధ్యలో దొరికే నాలుగు వారాలే మాకు వసంతం, అందుకే ఈ మీటింగు ఎవరూ ఎగ్గొట్టరు.

తలా ఒక కుండీ తెచ్చి చూపించాలని రూలు. డాలియా, పెటూనియా, మందపాటి రేకుల గులాబీ, అన్నీ కడిగి తుడిచి పెళ్ళిచూపులకి కూర్చోబెట్టినట్టు వరసగా పెట్టారు. బాగున్నాయి, కాదనను. కానీ పూసిన మొక్క దగ్గర ఫోటో తప్ప ఏం మిగులుతుంది? "భలే పూసింది" అంటాం, "మీ చేతి చలవ" అంటాం, టీ తాగుతాం.

పక్క వీధి కొత్త కోడలు మాత్రం పిండినల్లి పట్టిన ముద్దమందారం పట్టుకొచ్చింది. కొమ్మలన్నీ తెల్లటి దూది, కింది ఆకుల మీద నల్లటి మసి. "దీన్ని మిగతావాటికి దూరంగా పెట్టమ్మా" అన్నారు మాస్టారు, కాస్త కంగారుగానే. అప్పటిదాకా సెల్‌ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు కూడా దాని చుట్టూ మూగారు.

మాస్టారిది వేపనూనె వైద్యం: లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్లు, నూనె నీళ్ళలో కలవడానికి కాస్త సబ్బు, సాయంత్రం పూట పిచికారీ. మేం మౌసీ అని పిలిచే ఒడియా ఆవిడ ఒప్పుకోలేదు. ఆవిడ ఒడియాలో మాట్లాడుతుంది, మేం తెలుగులో జవాబిస్తాం, ఇద్దరికీ అడ్డేం లేదు. ముందు చీమల సంగతి చూడమంది. పిండినల్లి వదిలే తియ్యటి జిగురు కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి, తినడానికొచ్చే పురుగుల్ని తరిమేస్తాయి. నల్ల మసి కూడా ఆ జిగురు మీద పెరిగే బూజే. నీళ్ళ పళ్ళెంలో ఇటుక పెట్టి దానిమీద కుండీ పెడితే చీమ ఎక్కదు, కొమ్మలు గోడకి తగలకూడదంతే. ఆ దూది మైనం లాంటిది, మందు లోపలికి దిగనివ్వదు. ముందు నీళ్ళు గట్టిగా కొట్టి కడిగి, ఆ తర్వాతే మాస్టారి నూనె. చివరికి ఇద్దరి మాటా నెగ్గినట్టే.

ఆ పిల్ల ధైర్యం చూసి మిగతావాళ్ళ నోళ్ళు తెరుచుకున్నాయి. "మా బీరపాదు అన్నీ మగపూలేనమ్మా, ఏటి చెయ్యడం?" అన్నారు పిన్నిగారు. ఏ బీరపాదైనా మొదట మగపూలే పూస్తుంది. నత్రజని ఎక్కువైనా, ఎండ ముదిరినా అవే పెరుగుతాయి. ఆడపువ్వుకి వెనక బుల్లి పిందె ఉంటుంది, గుర్తుపట్టడం తేలిక. బీరపువ్వు విచ్చుకునేది సాయంత్రం. పొద్దున్నే వెళ్ళి పుప్పొడి అద్దుతానంటే కుదరదు, దీపాలు పెట్టే వేళ వెళ్ళాలి. మూడో అంతస్తు దాకా పురుగులు వచ్చి ఆ పని చేసిపెడతాయని నమ్ముకోలేం కదా.

మాస్టారు తన పాత సపోటా చెట్టు కథ మళ్ళీ ఎత్తుకున్నారు. 2013 అక్టోబరు 12 రాత్రి పైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు పడిపోయింది. ఆ తర్వాతే ఆయన కుండీల్లోకి దిగారు. అందరికీ తెలిసిన కథే అయినా విన్నాం.

ఎండాకాలం ఊరెళితే నీళ్ళెవరు పోస్తారన్నది ఏటా వచ్చే టెన్షనే. ఈసారి మౌసీ చెప్పింది నాకు నచ్చింది. ఏప్రిల్ 14న పణా సంక్రాంతికి ఒడియా ఇళ్ళల్లో తులసి మీద అడుగున చిన్న చిల్లి పెట్టిన కుండ కడతారు. వైశాఖమంతా చుక్క చుక్కా నీళ్ళు పడుతూనే ఉంటాయి. "తులసికి చేసేది కరివేపాకుకి చేస్తే తప్పా?" అంది. కుండ నింపడానికి మనిషి కావాలి కదా అని మాస్టారు గొణిగారు. నిజమే, కానీ రోజుకోసారి కుండ నింపమని పక్కింటివాళ్ళని అడగడం తేలికే.

గోంగూర విత్తనాలు పంచుకుని లేచేసరికి చీకటిపడింది.

వచ్చే నెల మా ఇంట్లో. మావారు అప్పుడే కుండీలకి జేగురు పూయిద్దాం అంటున్నారు. పూయించుకోమన్నాను. ముడత పడ్డ మిరపమొక్క మాత్రం మెట్ల దగ్గరే, అందరికీ కనబడేలా పెడతాను. ఆకులు పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికైతే తెల్లనల్లి అంటారు. నాదేమో రెండు వైపులా తిరిగి ఉంది. మౌసీ ఏమంటుందో చూడాలి.