భీముని కొలను మెట్ల మీద రాలిన పూలు

ఉగాదికి ముందు, కన్నడ భక్తులు నల్లమల మీదుగా కాలినడకన శ్రీశైలానికి చేరుకునే రోజుల్లో, నేనూ మా చెల్లెలూ తెల్లవారుతుండగా కైలాసద్వారం దగ్గర బయలుదేరి భీముని కొలను లోయలోకి దిగాము. ఎండలు ముదురుతున్న వేళ అడవిలో పూలేముంటాయని ఇంట్లో అడిగారు. నిజానికి ఆకురాల్చే అడవికి ఇదే పూల కాలం. ఒంట్లోని తేమను కాపాడుకోవడానికి చెట్లు ఆకులు రాల్చేస్తాయి కనుక, బోసికొమ్మల మీది పూలు పిట్టలకూ తేనెటీగలకూ దూరం నుంచే కనిపిస్తాయి. మనిషికి మాత్రం తల ఎత్తి నడిస్తే ఆ రాతిమెట్ల మీద కాలు నిలవదు. అందువల్ల నేల చూస్తూ నడిచి, రాలిన పువ్వు కనబడిన చోట ఆగి, అప్పుడు చెట్టును వెతకడం నాకు అలవాటైంది.

మొదట దొరికింది మోదుగ. అరచేతిలో పెట్టుకుని చూస్తే, నల్లటి మఖమలు గుడ్డలాంటి రక్షకపత్రంలోంచి కాషాయపు రేకులు వంపు తిరిగి, అచ్చం చిలుక ముక్కులా ఉన్నాయి. సంస్కృతంలో దీన్ని కింశుకమన్నది, ఇది చిలుకా అని సందేహం కలిగినందుకేనట. రేకుల వెలుపల వెండి నూగు ఉంటుందని, వేలితో నిమిరిన తరువాతే నాకు తెలిసింది. పైన తేనెపిట్టలు కొమ్మ కొమ్మకూ ఎగురుతున్నాయి.

ఇంకొంత దిగాక రాళ్ల సందుల్లో పసుపు రేకులు కనిపించాయి. అవి కొండగోగువి. ఒక్క ఆకైనా లేని ఆ చెట్టు, ఎర్రరాతి గోడను ఆనుకుని, పెద్ద పెద్ద పసుపు పూలతో నిలబడి ఉంది. బంక కోసం మాత్రమే దాని పేరు తలుచుకునేవారు ఈ పూతను ఒక్కసారైనా చూడాలని నా కోరిక.

లోయ అడుగుకు చేరకముందే తీపి వాసన తగిలింది. ఇప్పపూలు రాత్రి విచ్చి తెల్లవారుజామున రాలుతాయి. ముత్యాల్లాంటి ఆ కండగల పూలంటే ఎలుగుబంట్లకూ ప్రాణమే కనుక, చుట్టూ చూసుకున్న తరువాతే దగ్గరికి వెళ్లాము. చెట్టు కింద ఎండుటాకులను ఎవరో శుభ్రంగా ఊడ్చి ఉంచారు. పూలు ఏరుకోవడానికి ఆకులు తగలబెడితే మంట అడవికి పాకుతుంది, ఇక్కడ మాత్రం చీపురుతోనే పని జరిగింది. ఆ ఊడ్చిన మేరలో అడుగు పెట్టకుండా, ఒక్క పువ్వూ తీయకుండా, పక్కనున్న బండ మీదుగా కొలను వైపు దిగాము.