మినీ ట్రాక్టరు ఎక్కించే ర్యాంపులు: నా అనుభవం

నూజివీడు దగ్గర మాకున్న మామిడి తోట కాక, విస్సన్నపేట వైపు మరో తోటను కౌలుకు తీసుకున్న తరువాత, మా 24 హార్స్‌పవర్ మినీ ట్రాక్టరును రోటావేటరుతో (వెనుక తగిలించే, తిరిగే బ్లేడ్ల దుక్కి పనిముట్టుతో) సహా పెద్ద ట్రాక్టరు వెనుక లాగే ట్రక్కులో ఎక్కించి తీసుకువెళ్లవలసి వచ్చింది. రెండూ కలిపి దాదాపు 1,200 కిలోలు. ట్రక్కు నేల మూడడుగుల ఎత్తున ఉంటుంది. మా దగ్గరున్న ర్యాంపులు ఆరడుగులవి, 40 మిల్లీమీటర్ల యాంగిల్ (L ఆకారపు ఇనుప కడ్డీ) చట్రం మీద చెకర్ ప్లేటు (గీతలు తేలిన ఇనుప రేకు) వేసినవి. అంటే వాలు 30 డిగ్రీలు. మొదటిసారి ఎక్కిస్తుండగా వెనుక చక్రాలు సరిగ్గా నడిమికి వచ్చేసరికి కుడివైపు ర్యాంపు విల్లులా వంగి, ట్రాక్టరు పక్కకు ఒరిగింది. దాని మీద ఉన్నది మా తమ్ముడు. వాడు బ్రేకు వదలకుండా కూర్చుంటే, కింద దుంగలు పేర్చి దించుకునే వరకు నాకు ఊపిరాడలేదు.

పైన మరింత మందం రేకు వేస్తే చాలుననుకుని ఒకసారి వేయించాము. ర్యాంపు బరువెక్కింది గాని, వంగడం ఆగలేదు. బలం మందంలో కాక నిలువు లోతులో ఉంటుందని, ఇంటి దూలాన్ని పడుకోబెట్టక అంచు మీద నిలబెట్టి వేసేది అందుకేనని వెల్డింగ్ మేస్త్రీ గారు చెప్పినప్పుడు మా పొరపాటు అర్థమైంది.

ఆ తరువాత పొడవును తొమ్మిదడుగులకు పెంచాము. దానితో వాలు 20 డిగ్రీల లోపుకు దిగింది. అయితే పొడవు ఒకటిన్నర రెట్లయితే నడిమిన వంచే ప్రభావమూ అంతే పెరుగుతుంది కనుక, ఒక్కో వెనుక చక్రం మీద 450 కిలోలు పడుతుందని లెక్క వేసుకుని, ప్రతి ర్యాంపుకూ 75 మిల్లీమీటర్ల లోతున్న సి-చానళ్లు (C ఆకారపు ఇనుప దూలాలు) రెండేసి నిలువుగా పెట్టించాము. పైన రేకుకు బదులు యాంగిల్ ముక్కలను నిచ్చెన మెట్లలా అతికించారు, తడి మట్టి అంటిన టైరు రేకు మీద జారుతుంది గాని మెట్ల మీద పట్టు దొరుకుతుంది. అత్యధికంగా సాగే చోటు నడిమి అడుగు భాగమే కాబట్టి అక్కడ అడ్డంగా వెల్డింగ్ వేయవద్దని మేస్త్రీ గారు పట్టుబట్టారు. పై అంచు ట్రక్కు మీది నుంచి జారిపోకుండా కొక్కేనికి పిన్నూ, గొలుసూ పెట్టించాము. ఒక్కొక్కటి సుమారు 50 కిలోలు వచ్చింది; ఇద్దరు పట్టి లేపాలి.

ర్యాంపులు ఎంత గట్టివైనా ట్రక్కు తోకను, అంటే వెనుక చివరను, ఆధారం లేకుండా వదిలేయకూడదు. మాది రెండు చక్రాల ట్రక్కు. బరువు తోక మీద పడగానే ట్రాక్టరుకు తగిలించే ముందు దూలం పైకి లేచి, లాగే ట్రాక్టరు వెనుక చక్రాలకు పట్టు తప్పిస్తుంది. అందుకని ఇప్పుడు తోక కింద రెండు ఇనుప కాళ్లు నిలిపిన తరువాతే ఎక్కిస్తున్నాము. బరువెక్కువుండే వెనుక వైపు పైన ఉండేలా, రోటావేటరును లేపి, రివర్సులో, తక్కువ గేరులో, నడుమ క్లచ్ నొక్కకుండా ఎక్కిస్తాము.

మొదటి పరీక్ష నాడు చానల్ వెంట ఈ చివర నుంచి ఆ చివరకు దారం బిగించి చూశాము. చక్రం నడిమికి వచ్చినప్పుడు ఆరేడు మిల్లీమీటర్లు దిగింది. చక్రం దాటగానే చానల్ తిరిగి దారాన్ని అంటుకుంది.